పంచాయతీ ట్యాబు - బ్యాటరీ సంరక్షణ

గ్రామ పాలనలో పూర్వము కాగితము, కలము నిర్వహించిన పనులలో అనేకము నేడు ట్యాబు అను చిన్న పరికరము నిర్వహించుచున్నది. చూచుటకు బడిపిల్లవాని పలకవలె నుండు ఈ పరికరము పంచాయతీ లెక్కలను, పింఛనుదారుల వ్రేలిముద్రలను, అంగన్‌వాడీ పిల్లల తూకములను పై కార్యాలయములకు క్షణములలో అందజేయుచున్నది. పంచాయతీల ప్రణాళికలకు, జమాఖర్చులకు ఉద్దేశింపబడిన ఇ-గ్రామ్ స్వరాజ్ 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైనది. అంగన్‌వాడీల కొరకు పోషణ్ ట్రాకర్ 2021 మార్చిలో వచ్చినది. ఉపాధి హామీ పనుల వద్ద కూలీల హాజరును రోజునకు రెండు మారులు ఛాయాచిత్రముతో సహా నమోదు చేయవలెనను నియమము 2023 జనవరి 1 నుండి అమలులోనికి తేబడినది. ట్యాబు మీదనైనను, సెల్ ఫోను మీదనైనను ఈ పనులన్నియు జరుగుట అందులోని అరచేతి పాటి బ్యాటరీ మీదనే ఆధారపడి యున్నది.

ఆ బ్యాటరీ మధ్యాహ్నమునకే నిలిచిపోయినచో కష్టపడునది పరికరము కాదు. పింఛను కొరకు ఉదయము నుండి అరుగు మీద వేచియున్న వృద్ధురాలు మరల రేపు వేచియుండవలెను. గట్టు పని చేసిన కూలీ పని చేసియు, హాజరు లేనివాడగును. కావున బ్యాటరీ సంగతి కార్యదర్శి చూచుకొనవలసిన చిల్లర విషయమని సభ్యులు తలంపరాదు. దాని మంచిచెడ్డలు నిర్ణయించునది ఎక్కువ భాగము మన అలవాట్లే. ఆ అలవాట్లను మార్చుటకు ధనము అవసరము లేదు.

ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలవు. ఈనాడు ఎక్కించిన ఛార్జి సాయంకాలము వరకు వచ్చునా అనునది మొదటిది. ఈ బ్యాటరీ ఎన్ని సంవత్సరములు పనిచేయును అనునది రెండవది. చాలమంది ఈ రెంటిని ఒకటిగా భావించుదురు. వాస్తవమునకు మొదటిదానికి మేలు చేయునది ఒక్కొక్కప్పుడు రెండవదానికి కీడు చేయును. ఏ రోజున దేనికి ప్రాధాన్యము ఇయ్యవలెనో తెలియుటకు ముందుగా బ్యాటరీ లోపల జరుగుదానిని కొంత తెలిసికొనవలెను.

లోపలి వ్యవహారము

నేటి ట్యాబులలో ఉండునది లిథియం-అయాన్ బ్యాటరీ. 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ దీనిని మొట్టమొదట విపణిలోనికి తెచ్చినది. దీనికి మూలమైన పరిశోధనలు చేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమునందు నోబెల్ బహుమతి లభించినది.

ఈ బ్యాటరీలో ఎదురెదురుగా రెండు పలుచని రేకులుండును. ఒకదానికి గ్రాఫైటు పూయబడి యుండును. మనము వ్రాయు పెన్సిలు ములుకులో ఉండునదియు ఇదియే. రెండవదానికి లిథియంతో కూడిన లోహ భస్మము పూయబడి యుండును. రెంటి నడుమ ఒక ద్రవము కలదు. ఛార్జి చేయునప్పుడు లిథియం కణములు ఆ ద్రవము గుండా ప్రయాణించి గ్రాఫైటు పొరల మధ్య చేరును. ట్యాబును వాడునప్పుడు అవి తిరిగి తమ స్థానమునకు వచ్చును. ఈ రాకపోకలే విద్యుత్తును నిలువ చేయుటకు, మరల ఇచ్చుటకు కారణము.

రాకపోకలలో పోయిన కణములన్నియు తిరిగి రావు. గ్రాఫైటు మీద ఒక సన్నని పొర ఏర్పడి, కొంత లిథియం అందులో చిక్కుకొనిపోవును. ఆ పొర కొద్దిగా ఉండుట అవసరమే. అది గ్రాఫైటును కాపాడును. కాని కాలక్రమమున అది మందమైనకొలది బ్యాటరీ పట్టు ఛార్జి తగ్గుచుండును. దీనినే మనము బ్యాటరీ ముసలిదైనదని చెప్పుకొనుచున్నాము. వాడకమే గాక, దానిని త్వరగా ముసలిదానిని చేయునవి మరి రెండు కలవు. ఒకటి వేడి, రెండవది ఎల్లప్పుడు నిండుగా ఉంచుట. గాదెలో ధాన్యమును క్రుక్కి నింపి, గాదెకు పగలంతయు ఎండ తగులనిచ్చినచో గింజ ఏమగునో రైతులకు వేరుగా చెప్పనక్కర లేదు.

వాడక ఊరక ఉంచినను ఈ క్షయము జరుగుచునే యుండును. సాధారణముగా ఇయ్యబడు అంచనాల ప్రకారము, 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో నూటికి 40 పాళ్ళు ఛార్జితో ఒక సంవత్సరము ఉంచిన బ్యాటరీకి సుమారు 96 శాతము శక్తి మిగులును. అదే వేడిమిలో పూర్తిగా నింపి ఉంచినచో 80 శాతమే మిగులును. వేడిమి 40 డిగ్రీలైనచో, 40 పాళ్ళు ఛార్జితో ఉంచినదానికి 85 శాతము, నిండుగా ఉంచినదానికి 65 శాతము మిగులును. బ్యాటరీ రకమును బట్టి ఈ అంకెలు కొంత మారవచ్చును. అయినను వేడి, నిండుదనము రెండును కలిసినప్పుడు జరుగు నష్టము ఎంతటిదో ఇందు స్పష్టముగా కనిపించుచున్నది.

వేడియే ప్రధాన శత్రువు

ట్యాబుల తయారీదారులలో పలువురు 35 డిగ్రీలకు మించని వాతావరణములో తమ పరికరమును వాడుడని సలహా ఇచ్చుచున్నారు. రెంటచింతల వారికి, రామగుండము వారికి, కొత్తగూడెము వారికి ఆ సలహా చదివినప్పుడు నవ్వు వచ్చును. మే మాసమున 45 డిగ్రీలు అక్కడ వింత కాదు. పరికరము తయారైన దేశము వేరు, పనిచేయు దేశము వేరు. అయినను వాతావరణ వేడిమిని తగ్గించుట మన చేతిలో లేకపోయినను, దానికి తోడుగా మనము చేర్చు వేడిమిని మానుకొనవచ్చును.

పర్యటనలలో ఈ రచయిత చూచిన ఒక కార్యాలయమున ట్యాబును పడమటి కిటికీ దిమ్మ మీద ఉంచి ఛార్జి చేయుచుండిరి. ప్లగ్గు అక్కడ ఉండుటయే దానికి కారణము. మధ్యాహ్నము రెండు గంటలకు దానిని చేత పట్టుకొనుట కష్టముగా నుండెను. అది రబ్బరు తొడుగులో నుండెను. దాని క్రింద పాత ఫైళ్ళ దొంతర యుండెను. ఎండ వేడి, ఛార్జింగు వలన పుట్టు వేడి, ఆ వేడిని బయటకు పోనీయని తొడుగు, ఫైళ్ళు అన్నియు ఒకచోట చేరినవి. అంతటితో ఆగక బ్యాటరీ నూటికి నూరు పాళ్ళు నిండి యుండెను. ఒక గజము పొడవు తీగతో ప్లగ్గును గది లోపలి గోడకు మార్చినచో సరిపోయెడిది.

రేకుల కప్పు గల గదులలో పగటి వేళ ఛార్జి చేయుటకంటె తెల్లవారుజామున చేయుట మేలు. మోటారు సైకిలు డిక్కీలో గాని, ఎండలో నిలిపిన జీపు అద్దము వెనుక గాని ట్యాబును వదలరాదు. తలుపులు మూసి ఎండలో ఉంచిన వాహనము లోపలి వేడిమి బయటి వేడిమికంటె ఎంతో ఎక్కువగా నుండును. ఛార్జి చేయునప్పుడు మందపు తొడుగు తీసి, బల్ల వంటి గట్టి చదునైన తావున ఉంచవలెను. పరుపు, దిండు, దుప్పటి పనికిరావు. ఛార్జి ఎక్కుచుండగా వీడియోలు చూచుటయు, వీడియో సమావేశములో పాల్గొనుటయు వేడిని ద్విగుణము చేయును. సమావేశము తప్పనిసరియైనచో తొడుగైనను తీసివేయుడు.

పరికరము మిక్కిలి వేడెక్కినప్పుడు తనంత తానే ఛార్జిని ఆపివేయుట కొన్నిటిలో కలదు. ఇది చెడిపోవుట కాదు, ఆత్మరక్షణము. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీకి ఛార్జి ఎక్కించుట హానికరమని దాని లోపలి ఏర్పాటుకు తెలియును. అట్టి సమయమున ప్లగ్గు తీసి, నీడలో గాలి తగులునట్లు ఉంచినచో చాలును. తడిగుడ్డ చుట్టుట, ఫ్రిజ్‌లో పెట్టుట వంటి ఉపాయములు కొందరు చేయుచున్నారు. చల్లబడిన పరికరము లోపల తేమ పట్టి, బ్యాటరీతోబాటు మిగిలినవియు పాడగును.

నింపుటలో నియమము

మన గ్రామములకు బ్యాటరీలు క్రొత్తవి కావు. ట్రాక్టరు బ్యాటరీ, ఇన్వర్టరు బ్యాటరీ అందరికిని పరిచయమే. అవి సీసము, ఆమ్లముతో పనిచేయునవి. వాటిని ఖాళీగా వదలినచో సీసపు పలకలు గట్టిపడి చెడును గనుక ఎల్లప్పుడు నిండుగా ఉంచుట వాటికి ధర్మము. తరువాత నికెల్-కాడ్మియం బ్యాటరీలు వచ్చినవి. వాటిని అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేసి నింపవలెనని చెప్పెడివారు. ఈ రెండు పాఠములను నేర్చినవారు వాటినే ట్యాబుకు అన్వయించుట సహజమే. కాని లిథియం బ్యాటరీకి ఆ రెండును సరిపడవు. అది నడిమి స్థితిని కోరును.

ఆచరణకు అనుకూలమైన మాట చెప్పవలెనన్న, 20 శాతమునకు తగ్గకముందే ఛార్జి పెట్టుట, 80 శాతము దగ్గర తీసివేయుట మంచిది. ఒక్క మారుగా నింపవలెనను నియమము లేదు. కొంచెము కొంచెముగా పలుమారులు ఎక్కించినను దోషము లేదు. బ్యాటరీ ఆయువును లెక్కించునది ప్లగ్గు ఎన్నిమారులు పెట్టితిమనునది కాదు. మొత్తము ఎంత విద్యుత్తు వచ్చి పోయినదనునది. సగము వాడి నింపి, మరల సగము వాడి నింపినచో రెండును కలిసి ఒక ఆవృత్తి యగును. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి విపణిలోనికి వచ్చు ట్యాబుల బ్యాటరీ 800 ఆవృత్తుల తరువాత కూడ 80 శాతము శక్తిని నిలుపుకొనవలెనని శాసనము చేసిరి. దినమునకు ఒక పూర్తి ఆవృత్తి చొప్పున వాడినచో 800 ఆవృత్తులు రెండు సంవత్సరముల రెండు మాసములలో ముగియును. దినమునకు అర ఆవృత్తితో సరిపెట్టగలిగినచో నాలుగు సంవత్సరములు దాటును. పొదుపుగా వాడుట అందుచేత ఆనాటి పనికే గాక ఆయువునకును ఉపకరించును.

రాత్రి ఛార్జి పెట్టి, తెల్లవారిన తరువాత తీయుట చాలచోట్ల కలదు. నిండిన పిమ్మట పరికరము అధిక విద్యుత్తును లోనికి రానీయదు. అందుచేత ప్రేలిపోవునని భయపడనక్కర లేదు. కాని గంటల తరబడి నిండు స్థితిలో ఉండుటయే ఇందులోని హాని. కొన్ని ట్యాబులలో 80 లేదా 85 శాతము వద్ద ఛార్జి ఆగు ఏర్పాటు సెట్టింగులలో బ్యాటరీ అను శీర్షిక క్రింద ఉండును. అది ఉన్నచో కార్యదర్శిచే నేడే అమర్పించుడు. మరల దానిని గూర్చి ఆలోచించు పని యుండదు.

అయితే పింఛను పంపిణీ నాడో, గ్రామసభ నాడో, రోజంతయు ఊరు తిరుగవలసి యున్నప్పుడు నూటికి నూరు పాళ్ళు నింపవలసినదే. మాసమునకు మూడు నాలుగు దినములు అట్లు నింపుటవలన వచ్చు నష్టము అత్యల్పము. రాత్రియే నింపి ఉంచక, ఆనాటి ఉదయము బయలుదేరుటకు ముందు పూర్తి యగునట్లు చూచిన చాలును. బ్యాటరీ అరుగునని పనిని తగ్గించుకొనుట ఎద్దు అలసిపోవునని పొలమును బీడు పెట్టుట వంటిది.

సాయంకాలము వరకు సాగించుట

ట్యాబులో ఎక్కువ విద్యుత్తు తినునది వెలుగు తెర. వెలుగును సగమునకు తగ్గించినచో ఆ తేడా ఆనాడే తెలియును. ఎండలో నిలబడి పనిచేయునప్పుడు అక్షరములు కనిపించుటకై తెర వెలుగును పూర్తిగా పెంచవలసివచ్చును. పైగా ఎండ వేడి తగులును. అదే పనిని చెట్టు నీడకు గాని, ఇంటి వసారాకు గాని మార్చినచో రెండు లాభములు. పింఛనుదారులకును నీడ దొరకును. తెర అరనిమిషములో తనంత తానే ఆరిపోవునట్లు అమర్చుకొనుట మరవరాదు. నల్లని నేపథ్యము పెట్టినచో ఆదా అగునని చెప్పెడివారు కలరు. అది ఓలెడ్ అను ఖరీదైన తెరలకు నిజము. సాధారణ ట్యాబుల తెరలలో వెనుక దీపము ఎట్లును వెలుగుచునే యుండును గాన ప్రయోజనము లేదు.

తెర తరువాత చెప్పవలసినది సిగ్నలు. టవరు దూరమైనకొలది పరికరము దానిని అందుకొనుటకు ఎక్కువ బలముతో ప్రసారము చేయవలెను. పాడేరు ప్రాంతపు కొండ గూడెములలోను, నల్లమల అంచు గ్రామములలోను ట్యాబు ఏ పనియు చేయకున్నను బ్యాటరీ తరిగిపోవుటకు కారణమిదియే. అట్టి చోట్ల విమాన మోడు అను ఏర్పాటును పెట్టి, నెట్‌వర్కు లేకుండ నమోదు చేయుటకు వీలున్న వివరములను ముందుగా నమోదు చేసికొనవలెను. తరువాత సిగ్నలు బాగుగా నుండు ఒక చోట నిలిచి అన్నిటిని ఒక్కమారు పంపవచ్చును. కార్యాలయములో వైఫై యున్నచో పెద్ద ఫైళ్ళను దాని ద్వారా పంపుట, తెచ్చుకొనుట పొదుపు.

వ్రేలిముద్ర యంత్రమును గూర్చి ఒక మాట. ట్యాబుకు తీగతో తగిలించు ఆ యంత్రమునకు వేరుగా బ్యాటరీ యుండదు. అది ట్యాబు బ్యాటరీ నుండియే విద్యుత్తు గ్రహించును. ఒక ఇంటి నుండి మరియొక ఇంటికి నడచునప్పుడు దానిని తీసివేయుట మంచిది. వ్రేళ్ళు అరిగిపోయిన వృద్ధులకు ముద్ర పడక పదిమార్లు ప్రయత్నింపవలసివచ్చుటయు బ్యాటరీని హరించును. వ్రేలిని, యంత్రపు అద్దమును శుభ్రమైన గుడ్డతో తుడిచి ప్రయత్నించినచో సమయమును, ఛార్జియు రెండును కలిసివచ్చును.

వెనుక తెరచియున్న యాప్‌లను మాటిమాటికి మూసివేయుట మాత్రము వృథా శ్రమ. మూసినదానిని మరల మొదటినుండి తెరచుటకే ఎక్కువ ఖర్చగును. దానికి బదులు సెట్టింగులలో ఏ యాప్ ఎంత బ్యాటరీ వాడినదో తెలుపు పట్టికను చూడవలెను. అవసరము లేకున్నను స్థల నిర్దేశమును వాడుచున్న యాప్‌లు అందు బయటపడును. ఆ పట్టికలో సినిమా పాటలు ప్రథమ స్థానమున కనిపించినచో విచారణ సంఘమును నియమింప నవసరము లేదు.

పవర్ బ్యాంకు లెక్క

పవర్ బ్యాంకు కొనుటకు పంచాయతీలు ఉత్సాహపడుచున్నవి. దాని మీద 10,000 అని, ట్యాబు మీద 7,000 అని వ్రాసియుండుట చూచి దాదాపు ఒకటిన్నర మారులు నింపవచ్చునని లెక్కించుట పొరపాటు. 10,000 మిల్లీ ఆంపియర్ గంటలను 3.7 వోల్టులతో గుణించిన 37 వాట్ గంటలగును. వోల్టులను మార్చుటలో, వేడి రూపమున సుమారు మూడవ వంతు పోవును. మిగిలిన దాదాపు 25 వాట్ గంటలు ట్యాబును ఒక్కమారు నింపుటకు మాత్రమే సరిపోవును. దూరపు గ్రామములకు పోవు సిబ్బందికి అది చాలును. పవర్ బ్యాంకులో ఉన్నదియు లిథియం బ్యాటరీయే గనుక పైన చెప్పిన నియమములన్నియు దానికిని వర్తించును.

విద్యుత్ బిల్లు కొరకు ఈ పొదుపంతయు కాదు. ఒక యూనిటు విద్యుత్తుతో ఇట్టి ట్యాబును దాదాపు ముప్పది మారులు నింపవచ్చును. పొదుపు చేయవలసినది విద్యుత్తును కాదు, బ్యాటరీని.

పంచాయతీ చేయవలసినది

నలుగురు వాడు వస్తువునకు బాధ్యుడు ఒకడు ఉండవలెను. ట్యాబు ఎవరి అధీనమున ఉండునో, ఎక్కడ ఛార్జి చేయబడునో, ఛార్జరు ఎక్కడ ఉండునో సమావేశములో నిర్ణయించి మినిట్సు పుస్తకమున వ్రాయుడు. పరికరముతో వచ్చిన ఛార్జరును ఇతరులకు ఎరవియ్యరాదు. అది పోయినచో నాణ్యత ముద్ర గలది కొనవలెనే గాని సంతలో దొరకు చౌకదానిని కాదు. స్టాకు రిజిస్టరులో ట్యాబు కొన్న తేదీని వ్రాసియుంచినచో, బ్యాటరీ ఎప్పుడు బలహీనపడినదో గుర్తించుట సులభము. బ్యాటరీ బలహీనమైనంత మాత్రమున ట్యాబు పనికిరానిది కాదు; తయారీదారు గుర్తించిన మరమ్మతు కేంద్రములో బ్యాటరీని మాత్రము మార్పించుకొనవచ్చును. క్రొత్త ట్యాబు కొరకు తీర్మానము చేయుటకు ముందు ఈ ఖర్చును విచారించుట సభ్యుల విధి.

వాడక ఉంచవలసిన ట్యాబుల సంగతి కూడ ఇందు చేరును. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు లక్షల సంఖ్యలో ట్యాబులు పంపిణీ చేయబడినవి. ఇట్టివి వేసవి సెలవులలో ఇనుప బీరువాలలో మాసముల తరబడి పడియుండుట కలదు. పూర్తిగా ఖాళీయైన బ్యాటరీ అట్లే పడియుండినచో, లోపలి రక్షణ ఏర్పాటు దానిని శాశ్వతముగా మూసివేయవచ్చును. తరువాత ఎంత సేపు ఛార్జి పెట్టినను లేవదు. సెలవులకు ముందు ఇంచుమించు సగము ఛార్జి ఉంచి, పూర్తిగా ఆర్పి, చల్లని గదిలో ఉంచవలెను. రెండు మూడు మాసములకు ఒకమారు చూచి, తరిగియున్నచో మరల సగమునకు తేవలెను. పాఠశాల కమిటీలో సభ్యులైనవారు ఈ మాట ప్రధానోపాధ్యాయులకు ఏప్రిల్‌లోనే చెప్పుట మంచిది.

బ్యాటరీ ఉబ్బి, తెర ఒక ప్రక్క పైకి లేచినట్లు కనిపించినచో ఆ ట్యాబును వెంటనే ఆపి, ఛార్జి మాని, పిల్లలకు అందని చోట, కాగితములకు దూరముగా ఉంచవలెను. ఉబ్బును నొక్కుట, సూదితో పొడుచుట ప్రాణాపాయము. చెడిన బ్యాటరీని చెత్తకుప్పలో వేయుట, కాల్చుట, పూడ్చుట కూడదు. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము, పాత బ్యాటరీలను సేకరించి వాటిలోని లోహములు తిరిగి ఉపయోగపడునట్లు చేయు బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంచబడినది. కావున క్రొత్త బ్యాటరీ వేయించుకొను మరమ్మతు కేంద్రముననే పాతదానిని అప్పగించి, రసీదు తీసికొని స్టాకు రిజిస్టరున అంటించవలెను.